నిక్కర్లు వేసుకున్న దేవదూతలు

పెళ్ళయిన కొత్తలో వచ్చిన తపస్సుకాలం అది, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు. ఒంగోలులో మా పుట్టింటివాళ్ళు ఆ రోజుల్ని శ్రమకాలం అంటారు. ఆ ఏడు నాకు మా వాళ్ళ మాటే నిజమనిపించింది. ఒక గోడ గురించి ఇంత విసిగిపోవాల్సి వస్తుందని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు మరి.

గోడంటే మామూలు గోడ కాదు. బెంగళూరులో కె.ఆర్.పురం స్టేషనుకు అవతల మా అత్తవారి గుడి, అంటే కాథలిక్ చర్చి, ఉంది. చిన్నదే. ఫ్యాన్లు తిరిగితే పాట వినిపించదు, రైలు వెళితే ప్రసంగం వినిపించదు. కానీ పీఠం వెనక గోడ మాత్రం నేల నుంచి కప్పు దాకా పొంగిపోతూ ఉంటుంది. రెండు పక్కలా బంగారు రంగు స్తంభాలు. తిన్నగా నిలబడటం ఇష్టం లేనట్టు జడలా మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. వాటి చుట్టూ ద్రాక్షతీగ, ఆకులు మాత్రం బీరాకులు. పైన ఉబ్బిన మబ్బులు, మబ్బుల్లోంచి దూసుకొచ్చే కిరణాలు, కిరణాల మధ్య మరియమాత, ఆమె చుట్టూ బొద్దుగా దేవదూతలు. ప్రతి దేవదూతకూ ఒక నీలం నిక్కరు.

కాపురానికి వచ్చిన మొదటి ఆదివారం ఆ నిక్కర్లు చూసి నేను నవ్వేశాను. ఆపుకుందామన్నా ఆగలేదు. నేను డిజైన్ కాలేజీలో కళాచరిత్ర చెబుతాను. నాలుగు వందల ఏళ్ళ కిందట రోములో మొదలైన బరోక్ శైలిని పుస్తకాల్లో చదివాను, తెర మీద విద్యార్థులకు చూపించాను. అది కె.ఆర్.పురం దాకా వచ్చి, నిక్కరు తొడుక్కుని నా ఎదుట నిలబడుతుందని కలలో కూడా అనుకోలేదు. నేను పెరిగిన చర్చిలో సున్నం వేసిన తెల్లగోడ, దాని మీద ఒక వచనం. అంతే. ఆ రోజు పూజ అయ్యేదాకా తల పైకెత్తే ఉన్నాను. మా అత్తగారు పిల్లమ్మ నా తొడ మీద గిల్లి, "లేసి నిలబడు జెస్సీ, సువిశేషం చదువుతాండారు" అంది.

దాన్ని చేసింది మా మామగారు దేవదానం అని భోజనాల దగ్గర తెలిసింది. వయసులో ఉన్నప్పుడు ఆయన కల్యాణమండపాలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అలంకారాల పని చేసేవారు. అప్పటి ఫాదరు ఎక్కడిదో ఒక పాత క్యాలెండరు బొమ్మ ఇచ్చి, ఇలాంటిది కావాలన్నారట. బొమ్మ నలుపు తెలుపులో ఉంది కాబట్టి రంగులు మామయ్యే ఊహించుకున్నారు.

"ద్రాక్షాకులు చూడలేదా మామయ్యా? హొసకోటె వైపు అన్నీ ద్రాక్షతోటలే కదా" అన్నాను ఉత్సాహంగా.

"అంత దూరం ఎవరు పోతారమ్మా. మా షెడ్డు మింద బీరతీగ ఉండె" అన్నారాయన, పెరుగు కలుపుకుంటూ.

నాకు ఆ మామగారు, ఆ బీరాకులు, ఆ ఇల్లు, అన్నీ తెగ నచ్చేశాయి. ఆ రోజుల్లో నాకు నచ్చనిదంటూ ఏదీ లేదు లెండి. పొద్దున్నే మా ఆయన జోనా నా టిఫిన్ డబ్బా మూత బిగించి, అది నేను విప్పలేనని మళ్ళీ కాస్త వదులు చేసి ఇవ్వడం కూడా పెద్ద వేడుకలాగే ఉండేది.

తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం సాయంత్రం ఆ వేడుకకు గండి పడింది.

నుదుట బూడిద గీతతో అందరం లేచి బయల్దేరుతుంటే గుడి కమిటీ కార్యదర్శి డానియల్ మైకు పట్టుకుని, "ఒక్క నిమిషమప్పా, ఒక్క నిమిషం" అని ఆపాడు. పాటలు చూపించే తెర మీద ఒక బొమ్మ వేశాడు. తెల్లటి గోడ. మధ్యలో సన్నటి చెక్క సిలువ. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియని వెలుగు. "ఈస్టర్ అయినాంక మన గుడి ఇట్ల ఉంటాది" అన్నాడు. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

నేను బొమ్మలో గోడను చూడలేదు. మూలన ఉన్న మొక్కను చూశాను. వెడల్పాటి ఆకులు, బూడిదరంగు కుండీ. జోనా ఇళ్ళకూ ఆఫీసులకూ లోపలి డిజైన్లు గీస్తాడు. పడగ్గది గీసినా, పళ్ళ డాక్టరు గది గీసినా మూలన ఆ మొక్కే పెడతాడు.

"జోనా, ఆ మొక్క నీది కదా?" అన్నాను.

"ఏ మొక్క?" అంటూ ఆయనగారు కప్పుకేసి చూశాడు.

ఇంటికి వెళ్ళాక మామయ్య ఒక్కటే మాట అన్నారు, చెప్పులు విడుస్తూ. "బాగుండాది. నీటుగా ఉండాది." ఆ తర్వాత టీవీ పెట్టుకున్నారు.

నేను జోనాను మేడ మీదికి లాక్కెళ్ళాను. మా మొదటి దెబ్బలాట ఆరేసిన దుప్పట్ల మధ్యే జరిగింది.

"పెళ్ళానికి ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వు ఇట్ల అరుస్తావని చెప్పలే."

"నేను అరవట్లేదు!"

"కింద అమ్మ మిక్సీ ఆపేసింది. వినేకి."

నిజమే, ఆపేసింది. గొంతు తగ్గించాను. "అది మీ నాన్న చేసింది జోనా."

"తెలుసు. బాగా తెలుసు. గుడిలో జ్ఞానోపదేశం క్లాసులో నన్ను అందరూ కేకు అని పిలిచేది. బర్త్‌డే కేకు మాదిరి ఉండాది కదా ఆ గోడ. కేకు కొడుకు, కేకు కొడుకు అని. ఎవరికీ చెప్పుకోలేక చచ్చిపోయినాను. చాలా ఓవర్ జెస్సీ అది. కన్ను ఆనేకి ఒక్క చోటు కూడా ఖాళీ లేదు."

ఇక నేను పాఠం మొదలుపెట్టాను. బరోక్ అన్న మాటే ఒక తిట్టు అని చెప్పాను. వంకర ముత్యాన్ని అనే మాట తెచ్చి, ఆ శైలిని వెక్కిరించేవాళ్ళు దానికి అంటించారు. నిరాడంబరంగా ఉంటేనే గొప్ప అనుకునే పెద్దమనుషులు నూరేళ్ళకు పైగా అది మితిమీరిన గోల అని రాశారు. ఆ తర్వాత ఒక స్విస్ పండితుడు ఓపికగా చూసి, ఇది చెడిపోయిన శైలి కాదు, ఇంకో రకంగా చూడటం అన్నాడు. ఇవాళ దాన్ని చూడటానికి జనం విమానాలెక్కి వెళుతున్నారు.

"ఈ గోడను చూసేకి ఎవరూ విమానమెక్కరు" అన్నాడు జోనా.

"అసలది ఎందుకు పుట్టిందో తెలుసా? బొమ్మలు వద్దు, గోడలు తెల్లగా ఉంటే చాలు అని మా ప్రొటెస్టంట్లు విడిపోతే, దానికి జవాబుగా మీ కాథలిక్కులు చేసిన పని అది. చదువు రానివాడు కూడా గుడిలోకి అడుగుపెట్టగానే నోరు తెరిచి నిలబడిపోవాలని."

"సరే. నేను గీసింది ఏమి? మీ వాళ్ళ తెల్లగోడ. నువ్వు సంతోషపడల్ల కదా ఇప్పుడు?"

ఇలాంటి మొగుడితో ఏం వాదిస్తాం? దుప్పటి లాగి మడతపెట్టి కిందికి వచ్చేశాను. మర్నాడు సాయంత్రం ఆయన పొట్లం నిండా వేడి బోండాలు తెచ్చాడు. నేనింకా కోపంగానే ఉన్నానని ముందే చెప్పి, ఆ తర్వాతే తిన్నాను.

తరువాతి ఆదివారం కమిటీ వాళ్ళు కూర్చుంటే నేనూ వెళ్ళాను. జోనా వద్దన్నాడు కాబట్టి తప్పకుండా వెళ్ళాను. ఫాదరు మంచివారు, కొత్తగా వచ్చారు. ఎవరు మాట్లాడినా తల ఊపుతారు కనుక ఆయన మనసులో ఏముందో తెలియదు. నేను వంకర ముత్యం దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

డానియల్ మర్యాదగా వింటూ మధ్యలో వేలు ఎత్తాడు. "అంటే వంకరగా ఉండాదని మీరే ఒప్పుకుంటాండారు కదమ్మా?"

"అది కాదండీ, పేరు అలా పెట్టారు."

"ఊరికే పెట్టరు కదమ్మా పేరు."

నిక్కర్ల గురించి ఎవరో కిసుక్కుమన్నారు. నేను తిరిగి, "రోములో కూడా ఒక గొప్ప చిత్రంలో బట్టల్లేని మనుషులకు, తర్వాత ఇంకో చిత్రకారుణ్ణి పెట్టి బట్టలు వేయించారు" అన్నాను.

"చూస్తిరా ఫాదర్, వాళ్ళు కూడా తప్పు దిద్దుకునిండారు" అన్నాడు డానియల్.

గుడి ఊడ్చే నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి అన్నీ వింటోంది. "ఇవన్నీ బాగానే ఉండాయి. ఆ మబ్బుల మింద దుమ్ము ఎవరు తుడిసేది? ఈమె వస్తాదా నిచ్చెనెక్కేకి?" అంది. కమిటీ మొత్తం నావైపు తిరిగింది. రోము చరిత్ర అంతా ఒక చీపురుకట్ట ముందు వీగిపోయింది.

అప్పుడు వెనక బెంచీలో కూర్చున్న మామయ్య లేచారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన చేతులు కట్టుకుని, "తీసేయండప్పా" అన్నారు. "నేను చేసింది, నేనే చెప్తాండాను. తీసేకి నేనే వస్తాను. ఎట్ల కట్టింది ఇంకెవరికీ తెలీదు."

నాకు నెత్తి బాదుకోవాలనిపించింది. జోనా తల దించుకుని ఫోను చూసుకుంటున్నాడు.

ఫాదరే మధ్యేమార్గం చెప్పారు. తపస్సుకాలం ఐదో ఆదివారం నుంచి స్వరూపాలన్నిటికీ, అంటే విగ్రహాలకు, ఊదా గుడ్డ కప్పడం ఎలాగూ మన ఆచారం. ఈసారి స్వరూపాలకు వేరువేరుగా కాకుండా గోడ మొత్తానికి పైనుంచి కింద దాకా ఒకే గుడ్డ వేద్దాం. గోడ లేకపోతే ఎలా ఉంటుందో జనానికే తెలుస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు చేతులెత్తించి అడుగుదాం. నాకు అది గొప్ప న్యాయంగా తోచింది. కప్పేస్తే అందరూ బెంగపడతారు, గగ్గోలు పెడతారు అనుకున్నాను. ఎంత అమాయకత్వమో!

ఇంటికి వస్తూ మామయ్యను వదల్లేదు. "మీరెందుకలా అన్నారు?"

"పాతదైపోయింది కదమ్మా."

"పాతవన్నీ తీసేస్తామా?"

"నడుమ్మా, ఎండ కొడతాండాది."

ఇంటి ముందు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఉండగా మళ్ళీ అడిగాను. ఆయన చెంబు కింద పెట్టి, నా ముఖం చూడకుండా అన్నారు. "నువ్వూ నవ్వినావు కదమ్మా."

"నేనా?"

"మొదటి ఆదివారం. నేను పక్క వరసలోనే ఉంటిని. ముందు ఎంతమందో నవ్వినారు. పిల్లోళ్ళు నవ్వితే పిల్లోళ్ళులే అనుకుంటిని. జోనా సిగ్గుపడితే వానికేమి తెలుసు అనుకుంటిని. నువ్వు చదివినదానివి. ఇదే చదివినదానివి. నువ్వు కూడా నవ్వితివంటే ఇంకేముండాది అందులో."

"అయ్యో మామయ్యా, అది సంతోషంతో నవ్విన నవ్వు!"

"నవ్వు నవ్వే కదా తల్లీ" అని తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

అక్కడితో ఇది గోడ తగువు కాకుండా పోయింది. ఆ గోడ కూలితే నా నవ్వే కూల్చినట్టు. జీవితమంతా ఒకే కప్పు కింద కూర్చుని, ఆయనకు అన్నం వడ్డిస్తూ, నేను వెక్కిరించానన్న నమ్మకం ఆయన కళ్ళల్లో చూడాలి. నేను ఊరుకోలేదు. సాంబారు పోస్తూ చెప్పాను, మాత్రలు అందిస్తూ చెప్పాను, బట్టలు ఇస్త్రీకి ఇస్తూ చెప్పాను. నా పెళ్ళిలో కూడా అలాగే నవ్వాను మామయ్యా, ఫొటోలు చూడండి అన్నాను. అన్నిటికీ ఆయన జవాబు ఒకటే. "సరేమ్మా, సరే." ఆ సరే వింటుంటే నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది. తెల్లగోడైనా సరే, బంగారుగోడైనా సరే.

"ఆయనను వదిలిపెట్టే" అంది అత్తమ్మ కుట్టుమిషను తొక్కుతూ. గోడకు కప్పే గుడ్డ కుట్టే పని ఆవిడదే. బొమ్మనహళ్ళిలో ఆవిడ ఇదివరకు పనిచేసిన గార్మెంటు కంపెనీ నుంచి, ఎవరో స్కూలు యూనిఫారాలకని ఆర్డరిచ్చి వద్దనుకున్న ఊదా గుడ్డ పట్టుకొచ్చింది. "ఆయప్ప చేసేటప్పుడు కూడా ఇంతే. అన్నానికి రమ్మంటే సరే అనేది. వచ్చేది లేదు. నేనే క్యారియరు తీసుకునిపోయి గుడిలో తినిపిస్తా ఉంటిని. ఒగ దినం ఆ మబ్బుల మింద కూసుని తిన్యాడు."

"అత్తమ్మా, మీకు ఆ గోడ ఇష్టమేనా?"

ఆవిడ దారం పళ్ళతో కొరికింది. "ఇష్టమేమి, కష్టమేమి. నా ముక్కు పెట్టినాడు కదా మరియమాతకు."

అంతవరకు ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు! ఆ ఇంట్లో ఏదీ ఎవరూ చెప్పరు. అడగాలి, అదీ సరిగ్గా దారం తెగిన క్షణంలో అడగాలి.

ఐదో ఆదివారం ఊదా గుడ్డ వేలాడింది. పూజ అయ్యాక నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగాను. "ఎలా ఉందండీ?"

"ప్రశాంతంగా ఉందమ్మా."

"ఫ్యాను గాలి బాగా వస్తాంది ఇప్పుడు."

"ఏముండె అక్కడ ముందు?" అని ఒకావిడ నన్నే అడిగింది. నలభై ఏళ్ళుగా అదే గుడికి వస్తున్న మనిషి!

జోనా ఏమీ అనలేదు. గెలిచినవాడు ఏమీ అనకపోవడం కన్నా విసుగు పుట్టించేది ఇంకొకటి లేదు.

కానీ ఆ ఆదివారమే ఒక వింత గమనించాను. పిల్లలు. మామూలుగా మా గుడిలో పసిపిల్లలు పూజలో గొడవ చేయరు. ఎందుకు చేయరో అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. ఏడుపు మొదలుపెట్టగానే తల్లి గడ్డం పట్టి పైకెత్తుతుంది, "అదో చూడు, నిక్కరేసుకున్న దేవదూత, వాడి చేతిలో ఏముందో చూడు" అంటుంది. పిల్ల చూస్తుంది. ఒక దేవదూత నుంచి ఇంకో దేవదూతకు, బీరాకు నుంచి మబ్బుకు, మబ్బు నుంచి కిరణానికి చూస్తూ చూస్తూ పూజ అయిపోతుంది. ఇప్పుడు పైకెత్తితే గుడ్డ. గుడ్డను ఎంతసేపు చూస్తారు? ఒకటి ఏడ్చింది, దాన్ని చూసి ఇంకొకటి ఏడ్చింది, మూడోది బెంచీల కింద నుంచి పాకుతూ పీఠం దాకా వెళ్ళింది. వారం మధ్యలో సిలువబాట ప్రార్థనకు ఇంకా ఘోరం. సిలువబాట పద్నాలుగు స్థలాల్లో ఫాదరు ఏ స్థలం దగ్గర ప్రార్థిస్తున్నారో వెనక వరసలకు తెలియలేదు.

రోములో ఆ గోడలు ఎందుకు లేచాయో, అదే కారణం నా కళ్ళ ముందు పొర్లుతూ ఏడుస్తోంది. నేను డానియల్ దగ్గరకు పరుగెత్తాను.

"అవునమ్మా, నేనూ చూస్తాండాను" అన్నాడు దిగులుగా. "మైకు సరిగ్గా లేదు."

"మైకు కాదండీ. గుడ్డ."

"గుడ్డకూ మైకుకూ ఏమి సంబంధమమ్మా? స్పీకరు కూడా పాతదైపోయింది."

జోనాతో చెబితే, "ఎండాకాలం కదా, పిల్లోళ్ళకు ఉక్క" అన్నాడు. అత్తమ్మ, "ఈ కాలం తల్లులకు పెంచేకి రాదు" అంది. ఒక్కరంటే ఒక్కరు తల పైకెత్తి ఆ గుడ్డను చూడరు కదా!

మ్రానికొమ్మల ఆదివారానికి ముందు రోజు మా నాన్న ఆనందరావు ఒంగోలు నుంచి రైలు దిగారు. కూతురి కాపురం చూడ్డానికి రావడం అదే మొదలు. రిటైరైన హెడ్‌మాస్టరు, మా చర్చిలో సంఘపెద్ద. బొమ్మలున్న గుడిలోకి ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. మర్నాడు పూజకు రమ్మని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. పొద్దున్నే ఆయనే పంచె కట్టుకుని, బైబిలు సంచీ భుజాన వేసుకుని, "వియ్యంకుడుగారు వెళ్తున్నప్పుడు ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటుంది" అన్నారు. మామయ్య ఆయన చేతికి ఒక తాటిమట్ట అందించారు. ఇద్దరూ ముందు నడుస్తుంటే నేను వెనకే నడిచాను.

పూజంతా గోలే. అయ్యాక ఎవరూ వెళ్ళొద్దని ఫాదరు చెప్పారు. డానియల్ మైకు తీసుకున్నాడు. మైకు కీచుమంది. "జోనా, ఆ వైరు ఒగ రవ్వ పట్టుకోప్పా" అన్నాడు. జోనా స్పీకరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో రెండు వైర్లు పట్టుకున్నాడు.

"తెల్లగోడ కావాలనుకునేవాళ్ళు..." అని డానియల్ మొదలుపెట్టగానే అత్తమ్మ నా మోచేయి పొడిచింది. "మీ నాయన ఏడి?"

చూశాను. బెంచీలో బైబిలు సంచీ ఉంది, మనిషి లేడు. గుడంతా వెతికాను. చివరికి పీఠం వైపు చూస్తే గుడ్డ అంచు కింద రెండు కాళ్ళు కనిపించాయి. పంచె, దాని కింద ఎముకలు తేలిన పాదాలు. మా నాన్న గుడ్డ లోపలికి దూరి నిలబడ్డారు.

నేను చచ్చిపోయాననుకున్నాను. లోపల విగ్రహాల గురించి ప్రార్థన చేస్తున్నారేమో, ఏదైనా వాక్యం చదువుతున్నారేమో. ఆ పాదాలు మెల్లగా పక్కకు జరిగాయి. ఆగాయి. మళ్ళీ జరిగాయి. ఒక చోట మునివేళ్ళ మీద లేచాయి. డానియల్ మాట ఆపేశాడు. అందరూ ఆ పాదాలనే చూస్తున్నారు. ఒడిలో పిల్లలు కూడా ఏడుపు మానేసి చూస్తున్నారు.

చాలాసేపటికి గుడ్డ కదిలింది. మా నాన్న తల బయటికి వచ్చింది, జుట్టు చెదిరి ఉంది. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, గుడిలో ఇంకెవరూ లేనట్టు మామయ్యను పిలిచారు.

"బావగారూ, ఆ పిల్లలకు నిక్కర్లు ఎవరు వేయించారు?"

మామయ్య బెంచీ పట్టుకుని లేచారు. "నేనే వేసినాను బావగారూ. క్యాలెండరులో లేకుండె. గుడిలో ఆడోళ్ళు ముసలోళ్ళు ఉంటారు, మొండి మొలతో ఎట్ల పెట్టేది చెప్పండి?"

మా నాన్న గంభీరంగా తల ఊపారు. "నేనూ అలాగే చేసేవాణ్ణి" అన్నారు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నర్సమ్మ అనుకుంటా. తర్వాత గుడి గుడంతా నవ్వింది. ఫాదరు నవ్వారు, అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, మా నాన్న తాను నవ్వొచ్చే మాట ఏమన్నారో అర్థం కాక అటూ ఇటూ చూసి ఆయనా నవ్వారు. మామయ్య ఆ నవ్వుల మధ్య నిలబడి నావైపు చూశారు. నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నాను, మానలేదు. ఈసారి ఆయన ముఖం తిప్పుకోలేదు.

"ఆ బంగారు స్తంభం లోపల ఏముంది? బోలుగా మోగుతోంది" అని అడుగుతున్నారు మా నాన్న.

"వెదురు బావగారూ. మింద కోళ్ళ జాలీ. రండి, ఎనకాల నుంచి చూపిస్తాను."

ఇద్దరూ గుడ్డ వెనక్కి వెళ్ళిపోయారు. నాలుగు పాదాలు.

డానియల్ గొంతు సవరించుకున్నాడు. మైకు మళ్ళీ కీచుమంది. అతనికి ఒక్కసారిగా ఓపిక పోయినట్టుంది. "ఫాదర్, ముందు ఈ మైకు సంగతి చూస్తాము. గోడ సంగతి తర్వాత" అన్నాడు. ఫాదరు తల ఊపారు. చేతులెత్తేవాళ్ళు ఎత్తే లోపలే అందరూ లేచారు.

అంటే గోడ నిలబడింది. వంకర ముత్యం వల్ల కాదు, స్విస్ పండితుడి వల్ల కాదు. మైకు పాడైనందువల్ల! ఎవరికైనా అరిచి చెప్పాలనిపించింది. ఎవరికి చెబుతాను?

"ఒకవేళ అడిగి ఉంటే చెయ్యి ఎత్తేవాడివా?" అని జోనాను ఇంటికి వెళ్ళే దారి పొడుగునా అడిగాను.

"రెండు చేతుల్లోనూ వైర్లుండె కదా."

"లేకపోతే?"

"ఉండె కదా జెస్సీ" అని నవ్వి, నా చేతిలోంచి మట్ట తీసుకుని దానితో ఒక చిన్న సిలువ అల్లి నా జడలో గుచ్చాడు. ఇలాంటివాడి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం? అయినా పెట్టుకున్నాను, మా వీధి మలుపు దాకా.

ఈస్టర్ నాటికి గుడ్డ దిగింది. పిల్లలు నోళ్ళు తెరిచి పైకి చూశారు. కొత్త మైకు ఇంకా రాలేదు. అయినా ప్రసంగం వెనక వరస దాకా వినిపించింది. పాత మైకే బాగయిందని డానియల్ అందరికీ చెప్పుకుంటున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మామయ్య కుర్చీ లాక్కుంటూ వచ్చి నా పక్కన వేసుకున్నారు. నేను లాప్‌టాప్‌లో పాఠం తయారు చేసుకుంటున్నాను. "ఆ రోము గుడులు చూపిస్తువు రా" అన్నారు.

అన్నిటికన్నా గొప్పదాన్ని తెరిచాను. ఆకాశమంత కంచు స్తంభాలు మెలికలు తిరుగుతూ లేచాయి. వాటి మీద ఆకులు, ఆకుల మధ్య పసివాళ్ళు, పైన బంగారు కిరణాలు. మామయ్య కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగారు. బొమ్మను పెద్దది చేయమన్నారు. పక్కకు జరపమన్నారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. చాలాసేపటికి వెనక్కి వాలారు.

"పనోళ్ళే" అన్నారు. "కానీ శానా ఎక్కువైపోయింది."

"మామయ్యా!"

"కాదమ్మా, చూడు. కన్ను ఎక్కడా నిలబడేకి లేదు. ఒగ రవ్వ తగ్గించి ఉంటే బాగుండు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు మామయ్యా. నూరేళ్ళకు పైగా చెప్పారు."

"విన్యారా?"

"లేదు."

ఆయన కుర్చీ ఇంకా దగ్గరకు జరుపుకుని, "సరే, ఇంకొకటి చూపించు" అన్నారు.